కాలక మునుపు, కాలిన పిమ్మట: అడవినిప్పు ఛాయాచిత్రములపై ఒక విమర్శ

ఫాల్గుణ, చైత్ర మాసములలో పాలకొండ నుండి సీతంపేటకు గాని, పార్వతీపురము నుండి కురుపాము, గుమ్మలక్ష్మీపురములకు గాని రాత్రివేళ ప్రయాణము చేయువారికి దూరపు కొండవాలున ఎర్రని దండవలె సాగుచున్న మంట కనిపించుట క్రొత్త కాదు. తెల్లవారునప్పటికి అచ్చట నల్లని మచ్చ మిగులును. ఆ మచ్చను ఛాయాచిత్రము తీసి, దాని ప్రక్కన పచ్చని కొండ చిత్రము నొకదానిని అమర్చి, క్రింద “నాడు, నేడు” అని వ్రాయుట పత్రికలకును, గోడపటములకును, పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనములకును అలవాటైనది. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన చూచినవారికి వేరొకరు వివరించి చెప్పవలసిన పని లేదు. కన్ను చూచును, మనస్సు తీర్పు చెప్పును.

అడవినిప్పును గూర్చిన శాస్త్రపరిశోధనలో గూడ జంటచిత్రమునకు గౌరవస్థాన మున్నది. ప్రయోగము కొరకు ఏర్పరచిన అటవీక్షేత్రమును కాల్చుటకు ముందొకసారి, కాల్చిన పిమ్మట మరల ఒకసారి చిత్రించుట అనేక దేశములలో నియమముగా పాటించుచున్నారు. పైకి చూచుటకు గోడపటములోని జంటకును పరిశోధకుని జంటకును భేదము కనిపించదు. కాని మొదటిది ఒక అభిప్రాయమును పుట్టించును. రెండవది ఒక ప్రశ్నకు జవాబు చెప్పును. ఈ భేదము చిత్రములో లేదు, చిత్రమునకు వెలుపల నున్నది. దానిని గుర్తింపనిచో, ఎంత చక్కని చిత్రమైనను అడవిని గూర్చియు, ఆ అడవిలో బ్రదుకువారిని గూర్చియు తప్పుతీర్పునకు దారి తీయగలదు.

నిర్దేశిత దహనము

అడవిలో కనిపించు మంటలన్నియు ఒక్క జాతివి కావు. అనుకోకుండ రేగి, గాలి ఎటు వీచిన అటు పోవు మంట కార్చిచ్చు. ఒక ప్రయోజనమును ముందుగా నిర్ణయించుకొని, గాలివేగము, ఆకుచెత్తలోని తేమ, ఎండవేడి తగినట్లుండు దినము నెంచుకొని, హద్దులు గీచి, మనుష్యులను కావలి నిలిపి పెట్టు మంట నిర్దేశిత దహనము. ఎండిన చెత్తను తగ్గించి వేసవిలో పెద్దమంటలు రాకుండ చేయుట, కొన్ని జాతుల మొలకలకు వెలుతురు కల్పించుట, పశువులకు లేతగడ్డి మొలపించుట దీని సాధారణ ప్రయోజనములు. మన అడవులలో అందరికి తెలిసిన రూపము “ఫైరులైను”. వేసవి ముదురకమునుపే అడవి నడుమ ఒక పట్టీని శుభ్రపరచి, అందలి గడ్డిని, ఆకును కాల్చివేసిన, తరువాత వచ్చు మంట ఆ పట్టీ యొద్ద ఆహారము లేక ఆగిపోవును.

పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున భారతదేశపు అటవీశాఖ నిప్పును కేవలము శత్రువుగా నెంచినది. కాని బర్మా టేకు అడవులలో అగ్నిరక్షణ మితిమీరినదని, దానివలన టేకుమొలకలు ఇతర మొక్కల నీడలో అణగిపోవుచున్నవని 1896లో స్లేడ్ అను అటవీ ఉద్యోగి ‘ఇండియన్ ఫారెస్టర్’ పత్రికలో వ్రాసెను. సాలవృక్షముల విషయమున గూడ ఇట్టి వాదమే తరువాత చెలరేగినది. కావున “నిప్పు మంచిదా, చెడ్డదా?” అను ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ అడవి, ఏ నెల, ఎంత తీవ్రమైన మంట, ఎన్నేండ్ల కొకసారి అని విడదీసి అడుగవలసియున్నది. విడదీసి అడిగిన ప్రశ్నకు విడదీసి చూపు సాక్ష్యము కావలెను. ఛాయాచిత్రము ఇచ్చట రంగప్రవేశము చేయును.

మేకు, కొలబద్ద, తేది

పరిశోధకుని జంటచిత్రమునకు మొదటి నియమము స్థిరబిందువు. క్షేత్రములో ఇనుపమేకు గాని రాయి గాని పాతి, ప్రతి పర్యాయము కెమెరాను ఆ బిందువు మీదనే, అంతే ఎత్తున, అదే దిక్కునకు, అదే కటకముతో నిలుపవలెను. రెండవ నియమము కొలబద్ద. అమెరికా అటవీశాఖకు చెందిన ఫ్రెడరిక్ హాల్ 2002లో ప్రకటించిన చిత్రబిందు పరిశీలన గ్రంథములో, కెమెరాకు 10 మీటర్ల దూరమున మీటరు ఎత్తుగల గుర్తుల పలకను నిలుపు పద్ధతి వివరించినాడు. ఆ పలక ఉన్నచో గడ్డి ఎంత ఎత్తున్నది, పొద ఎంత వరకు కాలినది చిత్రము మీదనే కొలువవచ్చును.

ఈ నియమములు చాదస్తములు కావని చిన్న లెక్క వలన తెలియగలదు. మొదటి చిత్రమును పొదకు 10 మీటర్ల దూరము నుండి, రెండవ దానిని 8 మీటర్ల దూరము నుండి తీసినచో, పొద ఏమాత్రము పెరుగకున్నను రెండవ చిత్రములో నూటికి 25 వంతులు పెద్దదిగా కనిపించును. రెండడుగులు ముందుకు వేసిన మాత్రముననే “అడవి కోలుకొన్నది” అను వార్త పుట్టును. వెనుకకు వేసిన, “అడవి క్షీణించినది” అను వార్త పుట్టును.

మంట మండుచున్నప్పుడు తీసిన చిత్రమునకు గూడ పలక ప్రాణము. మంట నాలుక పొడవును బట్టి దాని తీవ్రతను లెక్కించు సూత్రమును 1959లో బైరమ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇచ్చెను. దాని ప్రకారము మంట పొడవు 1 మీటరైనచో, మంటవరుసలో మీటరు నిడివికి సుమారు 260 కిలోవాట్ల శక్తి వెలువడును. పొడవు 2 మీటర్లైనచో సుమారు 1,170 కిలోవాట్లు. పొడవు రెట్టింపైన తీవ్రత నాలుగున్నర రెట్లగును. పలక లేని చిత్రములో మీటరు మంటకు, రెండు మీటర్ల మంటకు భేదము కనుగొనుట కష్టము. కాని అందు మొదటిది చెట్టు బెరడును మసిబార్చి పోవునదైన, రెండవది లేతచెట్లను చంపునది కావచ్చును.

మూడవ నియమము కాలక్రమము. కాల్చుటకు ముందొకటి, కాలిన మరునా డొకటి తీసి ఊరకుండుట చాలదు. అమెరికా జాతీయ ఉద్యానవన శాఖ 2003లో ప్రకటించిన అగ్నిపరిశీలన కరదీపికలో కాలిన వెంటనే, పిమ్మట ఏడాదికి, రెండేండ్లకు, అయిదేండ్లకు, పదేండ్లకు క్షేత్రమును మరల పరిశీలించు క్రమమున్నది. మరునాటి చిత్రము మంట చేసిన పనిని చూపును. అయిదవ ఏటి చిత్రము ఆ పని ఫలితమును చూపును. ఈ రెండు వేర్వేరు విషయములు.

చిత్రము క్రింది పట్టిక

అగ్నిశాస్త్రమునకు ఛాయాచిత్రము చేసిన మేలు తక్కువది కాదు. అడవినేల మీది ఎండుచెత్తను శాస్త్రజ్ఞులు లావును బట్టి తరగతులుగా విభజింతురు. సుమారు 6 మిల్లీమీటర్ల లోపు పుల్లలు “ఒక గంట” తరగతి. 6 నుండి 25 మిల్లీమీటర్లవి “పది గంటల” తరగతి. 25 నుండి 75 మిల్లీమీటర్లవి “నూరు గంటల” తరగతి. అంతకు మించినవి “వేయి గంటల” తరగతి. గాలిలోని తేమ మారినపుడు, ఆ మార్పులో ఇంచుమించు మూడింట రెండు వంతులకు పుల్ల సర్దుకొనుటకు పట్టు కాలమును బట్టి ఈ పేర్లు వచ్చినవి. అందుచేతనే ఉదయము వాన పడినను, సాయంకాలమునకు గడ్డి మండగలదు, దుంగ మండదు.

ఈ చెత్తను హెక్టారు హెక్టారునకు ఏరి తూచుట అసాధ్యము. కావున 1970ల నుండి అమెరికా అటవీశాఖ “చిత్రమాలికలు” అను పుస్తకములను ప్రకటించినది. ముందుగా ఒక క్షేత్రమును చిత్రించి, పిదప అందలి చెత్తను తరగతుల వారీగా కొలిచి, చిత్రము క్రింద ఆ అంకెలను పట్టికగా వేయుదురు. అడవిలో తిరుగు ఉద్యోగి తన యెదుటి దృశ్యమును పుస్తకములోని చిత్రములతో పోల్చి, ఇచ్చట హెక్టారుకు ఇన్ని టన్నుల చెత్త యుండవచ్చునని అంచనా వేయును.

ఇచ్చట గమనింపదగిన దేమన, చిత్రమునకు విలువ నిచ్చినది క్రింది పట్టిక. పట్టికను చించివేసిన అది అందమైన అడవిబొమ్మ మాత్రమే. గోడపటములోని “నాడు, నేడు” జంటలలో తరచుగా లేనిది ఈ పట్టికయే. తేది లేదు, స్థలము లేదు, దిక్కు లేదు, కొలత లేదు. అట్టి చిత్రమును శాస్త్రప్రదర్శనములో పెట్టుట శాస్త్రమునకు వేషము వేయుట యగును.

లిక్ క్రీక్ చిత్రముల కథ

నియమములన్నియు పాటించి తీసిన చిత్రములు గూడ, వాటి చరిత్ర నుండి వేరుపడినపుడు ఎట్లు దారి తప్పించునో ఒక ప్రసిద్ధ ఉదాహరణము తెలుపును.

అమెరికాలోని మొంటానా రాష్ట్రమున బిట్టర్‌రూట్ జాతీయారణ్యములో లిక్ క్రీక్ అను ప్రదేశమున్నది. అచ్చటి పాండరోసా పైన్ అడవిలో కలప నరకు పని జరిగిన కాలమున, 1909లో, కొన్ని నిర్ణీత బిందువుల నుండి ఛాయాచిత్రములు తీసిరి. తరువాతివారు అవే బిందువులను వెదకి, పలుమారులు, 1997 వరకు చిత్రించుచు వచ్చిరి. 1990ల తొలినాళ్ళలో అచ్చటనే చెట్లను పలుచన చేసి, నిర్దేశిత దహనములు జరిపి, వాటి ఫలితములను గూడ పరిశీలించిరి. 88 ఏండ్ల ఈ చిత్రపరంపరను 1999లో నివేదికగా ప్రకటించిరి. మొదటి చిత్రములలో చెట్లు దూరదూరముగా నున్నవి. తరువాతి వాటిలో లేతచెట్లు దట్టముగా క్రమ్ముకొన్నవి. చూడగనే ఆకర్షించు పరంపర అది.

2004లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా అడవులను పలుచన చేయు ప్రణాళికను ప్రజలకు వివరించుటకు అటవీశాఖ ఒక కరపత్రమును ప్రచురించెను. నిప్పును అణచివేయుటచే అడవి కాలక్రమమున ఎట్లు దట్టమైనదో చూపుటకు ఈ చిత్రములను అందు వాడిరి. అంతట రెండు సంగతులు బయటపడినవి. చిత్రములు సియెర్రా నెవాడావి కావు, వందలాది మైళ్ళ దూరమున నున్న మొంటానావి. పైగా 1909 నాటి చిత్రములో అడవి పలుచగా నుండుట ప్రకృతి సహజము కాదు. అది నరకుడు జరిగిన పిమ్మట తీసిన చిత్రము. “మునుపు” అని చూపినది నిజమునకు “పిమ్మట”!

చిత్రములో అబద్ధమేమియు లేదు. కటకము తన ముందున్న దానినే పట్టినది. అసలు నివేదికలో నరకుడు సంగతి దాచబడలేదు గూడ. చిత్రమును దాని పట్టిక నుండి, స్థలము నుండి, చరిత్ర నుండి వేరుచేసినప్పుడే తప్పు జరిగినది. పూర్వము పాండరోసా అడవులు తరచు వచ్చు చిన్నమంటలచే పలుచగా నుండెడివను మాటకు చెట్లలోని మంటగాట్ల వంటి వేరు సాక్ష్యములు బలముగా నున్నవి. అనగా, నిలువగల వాదమునకు తగని సాక్ష్యము తెచ్చి, ఆ వాదమునకే అపకీర్తి తెచ్చిరి. ఏ “నాడు, నేడు” జంటను చూచినను మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: “నాడు” అనబడు దినమునకు ముందు ఏమి జరిగినది?

కటకమునకు కానరానివి

చిత్రబిందువును ఎంత జాగ్రత్తగా నిలిపినను కటకమునకు కొన్ని హద్దులు గలవు. మంట నేల మీద సాగినను, దాని ముఖ్యఫలితములలో కొన్ని నేల లోపల జరుగును. మట్టి ఉష్ణమును మెల్లగా తీసికొనును. గడ్డిమంట వేగముగా దాటిపోయిన చోట కొన్ని సెంటీమీటర్ల లోతున వేడి స్వల్పమే. లావైన దుంగ గంటల తరబడి రగిలిన చోట వేళ్ళు, విత్తనములు మాడిపోవును. పై నుండి తీసిన చిత్రములో రెండును నలుపే. బూడిద రంగు కొంత గుర్తు చెప్పును. నల్లని బొగ్గు మిగిలిన చోట దహనము అసంపూర్ణము. తెల్లని బూడిద మిగిలిన చోట చెత్త పూర్తిగా కాలినదని తలపవచ్చును. కాని మంట పోయిన కొలది దినములలో గాలి వీచిన, వాన పడిన, ఆ గుర్తు గూడ చెదరిపోవును.

చెట్టు చావు గూడ వెంటనే కనబడదు. బెరడు క్రింది పెరుగుపొరకు సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలిన అది చచ్చునని చెప్పుదురు. బెరడు మందమైన చెట్టున ఆ పొర కాపాడబడును. పలుచనైన చెట్టున కాపాడబడదు. అయినను దెబ్బతిన్న చెట్టు ఒకటి రెండు ఋతువులు పచ్చగనే నిలిచి తరువాత ఎండవచ్చును. కాలిన మరునాటి చిత్రములో అది బ్రదికిన చెట్టు.

నలుపు ఒక్కటియే మోసగించునని తలపరాదు. పచ్చదనము గూడ మోసగించును. తునికిచెట్టు పైభాగము కాలినను వేరు నుండి పిలకలు వేయును. వానలు పడక మునుపే కాలిన నేల మీద లేతయాకు కనిపించి, “నిప్పు అడవికి మేలు చేసినది” అని చూపరి సంతోషించును. కాని ఏటేటా పైభాగము కాలి, ఏటేటా పిలక వేయు మొక్క పదేండ్లకైనను మోకాలెత్తు దాటకపోవచ్చును. ఆగస్టులో తీసిన చిత్రములోని పచ్చదన మంతయు లాంటానా పొద కావచ్చును. పచ్చగా నున్నదన్న మాటకు, అడవిగా నున్నదన్న మాటకు చాల దూరము.

అన్నింటి కంటె పెద్ద లోపము, పోల్చుటకు కాల్చని క్షేత్రము లేకుండుట. తూర్పు కనుమల ఆకురాల్చు అడవిని నవంబరులో ఒకసారి, ఏప్రిలులో ఒకసారి చిత్రించిన, నిప్పురవ్వ పడకున్నను రెండవ చిత్రము ఎండి బోడిగానే యుండును. అందు ఋతువు చేసిన దెంత, నిప్పు చేసిన దెంత? దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయోద్యానమున 1954లో ప్రారంభించిన ప్రయోగమును ఇందుకు ఆదర్శముగా చెప్పవచ్చును. అచ్చట నాలుగు విధములైన వృక్షసముదాయములలో సుమారు 7 హెక్టార్ల చొప్పున క్షేత్రములు ఏర్పరచి, కొన్నింటిని ఏటేటా, కొన్నింటిని రెండేండ్లకు, కొన్నింటిని మూడేండ్లకు ఒకసారి కాల్చుచు, కొన్నింటిని అసలు కాల్చక విడిచిరి. మన దేశమున ముదుమలై అడవిలో భారతీయ విజ్ఞానసంస్థ వారు 1988, 1989 సంవత్సరములలో ఏర్పరచిన 50 హెక్టార్ల క్షేత్రము ఈ కోవకు దగ్గరిది. అచ్చట సెంటీమీటరు లావు మొదలు ప్రతి కాండమునకును సంఖ్య గలదు. దానంతట వచ్చిన మంట వలన ఏ చెట్టు చచ్చినది, ఏది బ్రదికినది సంఖ్యలతో చెప్పగలరు. ఛాయాచిత్రము ఈ పనికి తోడు కాగలదు గాని బదులు కాజాలదు.

మూడు నలుపులు

ఈ కొలమానముతో మన మన్యమును గూర్చిన చిత్రములను పరీక్షింపవచ్చును. పూర్వపు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండప్రాంతములో అధికభాగము 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. సవరలు, జాతాపులు తరతరములుగా నివసించు కొండలివి. ఇచ్చట వేసవిలో కనబడు నల్లని వాలు మూడు విధముల ఏర్పడును.

మొదటిది పోడు. వాలు మీది చెట్టును పొదను నరికి, ఎండనిచ్చి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిద బలముతో సామలు, కొర్రలు, చోళ్ళు, కందులు పండింతురు. ఇందు నరికిన కొమ్మలు కుప్పలుగా కాలును గనుక వేడి ఎక్కువ. కాని హద్దు చిన్నది. రెండవది నేలమంట. ఇప్పపువ్వు ఏరుటకు చెట్టు క్రింద పెట్టిన నిప్పు గాని, బాటసారి పారవేసిన చుట్ట గాని ఆకుచెత్తను అంటుకొని వ్యాపించును. చెట్లు నిలిచియుండును, నేల నల్లబడును. మూడవది ఫైరులైను కొరకు కావలెనని కాల్చిన పట్టీ. ఒకటి సాగు, ఒకటి ప్రమాదము, ఒకటి రక్షణ. కాలిన మరునాడు దూరము నుండి తీసిన చిత్రములో మూడును ఒక్క రంగు.

ఇట్టి చిత్రమును “కొండలను కాల్చివేయుచున్న పోడు” అను శీర్షికతో ముద్రించుట తేలిక. కాలక మునుపటి చిత్రముండిన, చెట్లు నరికి యున్నవా, నిలిచి యున్నవా అన్న ఒక్క గుర్తుతో పోడును నేలమంటను వేరు చేయవచ్చును. అది లేనందున శీర్షిక వ్రాయువాని అభిప్రాయమే తీర్పగుచున్నది. అదే విధముగ, పంట పండిన ఆశ్వయుజములో తీసిన పచ్చని పోడుమడి చిత్రమును చూపి, పోడు వలన అడవికి ఏ హానియు లేదనుటయు సరికాదు. మడిని ఎన్నేండ్లు సాగుచేసి ఎన్నేండ్లు బీడు విడుతురో ఆ చిత్రము చెప్పదు. పోడు మేలుకీడులు ముఖ్యముగా ఆ అంకె మీదనే ఆధారపడి యున్నవి. బీడుకాలము తగ్గిన కొలది అడవి తిరిగి లేచుటకు వ్యవధి తగ్గును.

పాత చిత్రములు సాయపడునా యన్న ప్రశ్న రావచ్చును. గోదావరి కొండల రెడ్లను గూర్చి హైమెన్‌డార్ఫ్ 1945లోను, ఒడిశా కొండలలోని సవరలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లోను ప్రకటించిన గ్రంథములకు ఛాయాచిత్రములు తోడైనవి. అవి మానవశాస్త్రమునకు విలువైన సంపద. కాని వారు మనుష్యుల జీవనమును చూపదలచిరి. వారికి కొండవాలు నేపథ్యము. అడవి లెక్కకు వాటిని వాడదలచినవారు మొదట కెమెరా నిలిచిన చోటును కనుగొనవలెను. అది కనుగొననిదే “నాటి అడవి, నేటి బోడికొండ” అని వాటిని జతచేయుట లిక్ క్రీక్ కరపత్రము చేసిన పనినే మరల చేయుట.

ఆకాశము నుండి జంటచిత్రములు

కృత్రిమ ఉపగ్రహములు వచ్చిన పిమ్మట ఈ చిక్కులన్నియు తీరినవని కొందరు భావింతురు. ఉపగ్రహమునకు స్థిరమైన మార్గము, తేది, కొలత యున్నవి, నిజమే. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల ద్వారా అడవిమంటల జాడ తెలిసికొని రాష్ట్రములకు తెలుపుచున్నది. మొదట వాడిన మోడిస్ పరికరములో ఒక చుక్క సుమారు 1 కిలోమీటరు చదరము. తరువాత వచ్చిన విర్స్ పరికరములో 375 మీటర్ల చదరము.

ఈ రెండవ చుక్కను లెక్కింతము. 375ను 375తో గుణించిన 1,40,625 చదరపు మీటర్లు; అనగా 14 హెక్టార్లు, సుమారు 35 ఎకరములు. మంట గట్టిగా మండుచున్నచో చుక్క కంటె చాల చిన్న మంటను గూడ పరికరము పసిగట్టును. కావున ఎకరము పోడుకును 35 ఎకరముల కార్చిచ్చుకును పటము మీద ఒకే చుక్క పడవచ్చును. చుక్కల సంఖ్యను 35తో గుణించి “ఇన్ని ఎకరముల అడవి బూడిదైనది” అని వ్రాయుట తప్పు. ఉపగ్రహము దాటిపోయిన రెండు వేళల నడుమ రేగి ఆరిన మంట, మబ్బు క్రింది మంట అసలే లెక్కకు రావు.

కాలిన విస్తీర్ణమును కొలుచుటకు వేరు పద్ధతి గలదు. పచ్చనియాకు సమీప పరారుణ కాంతిని బాగుగా తిప్పికొట్టును. కాలిన నేల కొట్టదు. హ్రస్వతరంగ పరారుణములో దీనికి విపర్యయము. ఈ రెండింటి భేదమును వాటి మొత్తముచే భాగించి, కాలక మునుపటి చిత్రపు విలువ నుండి కాలిన పిమ్మటి విలువను తీసివేయుదురు. ఇదియు జంటచిత్రమే. కావున పాత జబ్బులే దీనికిని గలవు. రెండు తేదులు ఒకే ఋతువులో లేకున్న, ఆకు రాలుటయే దహనముగా కనబడును. నిలిచిన చెట్ల క్రింద సాగిన నేలమంట ఆకుల గొడుగు చాటున దాగును. నేల మీదికి పోయి కొన్ని చోట్లనైనను సరిచూడనిదే ఈ అంకెను నమ్మరాదు.

సాక్షిగా నిలిచిన చిత్రము

ఇది పరిశోధకుల ఇంటి తగవు మాత్రమే కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13కు ముందు నుండి అటవీభూమిని సాగుచేయుచున్న గిరిజనునికి ఆ భూమిపై హక్కును గుర్తింపవచ్చును. ఆ దినమునకు ముందు ఆ వాలున సాగున్నదా, అడవియున్నదా అను ప్రశ్నకు ఉపగ్రహచిత్రమును సాక్షిగా పిలుచుట జరుగుచున్నది. బీడు విడిచిన పోడుమడి ఆకాశము నుండి అడవిగనే కనిపించును. ఒక్క చిత్రమును చూచి తీర్పు చెప్పిన, ఏ సవర కుటుంబమో తన తాతలు దున్నిన మడిని కోల్పోవును. 2012లో సవరించిన నియమములు ఈ ప్రమాదమును గుర్తించినవి. ఉపగ్రహచిత్రములు ఇతర సాక్ష్యములకు తోడు కావచ్చును గాని వాటికి బదులు కారాదని అవి స్పష్టముగా చెప్పుచున్నవి. శాస్త్రపద్ధతి చెప్పు మాటయు ఇదే.

పాఠశాలలు చేయదగిన పని

విజ్ఞాన ప్రదర్శనములలో “నాడు, నేడు” పటముల స్థానమున నిజమైన పరిశీలన నొకదానిని పెట్టుట కొండప్రాంతపు ఉన్నతపాఠశాలలకు అసాధ్యము కాదు. ఇందుకు మంట పెట్టవలసిన అవసరము లేదు. పెట్టనే కూడదు, అది ప్రమాదము, నేరము గూడ. అటవీశాఖ వారు కాల్చు ఫైరులైను అంచున, వారి అనుమతితో, ఉపాధ్యాయుని వెంట రెండు తావుల నెంచుకొనవలెను. ఒకటి కాలబోవు పట్టీలో, రెండవది కాలని ప్రక్కనేలలో. రెండింటను రాయి పాతి, 10 మీటర్ల దూరమున పది సెంటీమీటర్ల కొక గుర్తు పెట్టిన మీటరుకఱ్ఱ నిలిపి, చేతిఫోనును ఒకే ఎత్తున, ఒకే దిక్కునకు, జూమ్ వాడక పట్టి చిత్రింపవలెను. కాలక మునుపు, కాలిన వారమునకు, ఆగస్టులో, మరుసటి ఫిబ్రవరిలో, నాలుగుమారులు చాలును. అంతా చల్లారిన పిమ్మటనే కాలిన నేల మీదికి పోవలెను.

చిత్రముతో పాటు పట్టిక యుండవలెను. రెండు తావుల ప్రక్కను చదరపు మీటరు నేలలోని ఆకుచెత్తను ఏరి, ఎండబెట్టి తూచవలెను. చదరపు మీటరుకు 400 గ్రాములున్నచో హెక్టారుకు 4 టన్నులన్నమాట. ఉదాహరణకు, కాలిన తావున ఫిబ్రవరిలో 400 గ్రాములున్నది ఆగస్టులో 60 అయినదనుకొందము. కాలని తావున 420 ఉన్నది చెదలు, వాన చేసిన పనిచే 300 అయినదనుకొందము. మొదటి తావున తరుగు 340, రెండవ తావున 120. నిప్పు వలన కలిగిన తరుగు ఇంచుమించు 220 గాని 340 కాదు. కాలని తావు లేకున్న ఆ 120 గ్రాములను గూడ నిప్పు ఖాతాలో వ్రాసియుందురు. ఈ ఒక్క తీసివేతలో విద్యార్థి నేర్చుకొను శాస్త్రపద్ధతి పది గోడపటములలో లేదు.

పదేండ్లపాటు, ఒక తరగతి వెళ్ళి మరొక తరగతి వచ్చినను, ఆ రాతి మీద నుండియే చిత్రములు తీయగలిగిన పాఠశాల వద్ద ఆ కొండను గూర్చి మరెవరి వద్దను లేని సాక్ష్యము చేరును. అప్పుడు ఎవరైనను నల్లని వాలు చిత్రమును చూపి కొండవారిని నిందింపవచ్చినను, పచ్చని వాలు చిత్రమును చూపి అంతయు క్షేమమనినను, ఆ పిల్లలు అడుగవలసిన ప్రశ్నలు వారికి తెలిసియుండును: ఏ చోటు, ఏ తేది, ఎంత దూరము, అంతకు ముందేమి, కాలని ప్రక్కనేల యేది?